లైబ్రరీలో జీడిపప్పు బ్యాంకు

నేను రిటైరయ్యాక నా లైబ్రేరియన్ కుర్చీలోకి వచ్చిన అమ్మాయి చేరిన రెండో రోజే ఫోన్ చేసింది. "మేడమ్, మూల బీరువా అడుగు అర నిండా చీమలు. అందులో పుస్తకాల్లేవు, ఒక పెద్ద డబ్బా ఉంది. దాని మీద 'బ్యాంకు, తినరాదు' అని రాసుంది. ఇది చార్జి లిస్టులో లేదే?" అంది పాపం, భయంభయంగా.

నాకు నవ్వు మొదలైతే ఆగదు. అది చిన్నప్పటి జబ్బు. 'నిశ్శబ్దము పాటించవలెను' అనే బోర్డు కింద ఉద్యోగమంతా చేసినా కుదరలేదు. ఆ రోజూ అంతే. ఫోన్ మా ఆయన చేతిలో పెట్టి సోఫాలో కూలబడ్డాను. ఆయన అలవాటైన మనిషి కాబట్టి, "ఇప్పుడు అవదమ్మా, సాయంత్రం చేస్తుంది" అని పెట్టేశారు.

సాయంత్రం చేశాను గానీ ఫోన్లో తెమిలే సంగతి కాదది. ఆ అమ్మాయికీ, ఆమెలాగే కొత్తగా లైబ్రరీ ఉద్యోగాల్లో చేరేవాళ్ళకీ పనికొస్తుందేమో అని ఇక్కడ రాస్తున్నాను. పదోన్నతులు, బదిలీలు, ఆడిట్ల గురించి నన్నడగకండి. వాటి గురించి చెప్పేవాళ్ళు ఎక్కువ, వినేవాళ్ళు తక్కువ.

ఫ్యాను కింద ఉద్యోగం

మా నాన్నగారు టెక్కలిలో పురోహితులు. మా ఇంట్లో డబ్బు మాట ఎత్తడం తప్పు. దక్షిణ ఎంత అని అడగకూడదు, ఇచ్చింది కళ్ళకద్దుకుని సంచిలో వేసుకోవాలి. వీధి మలుపు తిరిగాకే లెక్క చూసుకోవాలి. ఒక్కోసారి మలుపు తిరిగాక మా నాన్నగారి ముఖం చూడాల్సిందే. అడగనిదే అమ్మయినా పెట్టదు అంటారు కదా, ఆ సామెత మాత్రం మా ఇంట్లో ఎవరూ వాడేవారు కాదు. అటువంటి ఇంట్లో పుట్టిన నేను కుర్రకారుకి డబ్బు పాఠాలు చెప్పానంటే మా అన్నయ్య ఇప్పటికీ నమ్మడు.

లైబ్రరీ ఉద్యోగమంటే ఫ్యాను కింద కునుకు తీయడమని మా చుట్టాలందరి నమ్మకం. నేనూ అలా ఆశపడే చేరాను. టెక్కలి, పలాస అన్నీ తిరిగి, చివరి ఏళ్ళలో కొబ్బరి, జీడితోటల ఉద్దానంలో ఒక ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. పొద్దున్నే ఆటోలో నౌపడ జంక్షను, అక్కణ్ణించి పాసింజరు. కిటికీలోంచి ఉప్పు మడులు చూస్తూ పూండిలో దిగి మళ్ళీ ఆటో. చేరేసరికి గుమ్మం ముందు పేపర్ల కోసం పెద్దవాళ్ళు, పోటీ పరీక్షల పుస్తకాల కోసం కుర్రాళ్ళు, వానాకాలమైతే మేకలు, అందరూ సిద్ధంగా ఉండేవారు.

ఆ పరీక్షల కుర్రాళ్ళని చూస్తే నాకు ముచ్చటా, విడ్డూరమూ రెండూ వేసేవి. ఏ దేశంలో ఏ నాణెం చెల్లుతుందో గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు. వాయిదాల మీద కొన్న ఫోనుకి వడ్డీ ఎంత పడుతోందంటే మాత్రం ఒకరి ముఖాలొకరు చూసుకునేవారు. ఢిల్లేశ్వరరావని, మేమంతా ఢిల్లేశు అనేవాళ్ళం, డిప్లొమా పూర్తి చేసినవాడు. వాడు ఒకసారి నన్నడిగాడు: "మేడమ్, వడ్డీ నేదని ఆ షాపోడు సెప్పినాడు. ప్రాసెసింగు అని ఏదో తీసుకున్నాడు. అది వడ్డీ కాదు కదండీ?" నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పి, ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. లెక్క తేలాక వాడు ఆ ఫోన్ని బల్లమీద పెట్టి, కరిచిన కుక్కని చూసినట్టు చూశాడు.

కొత్తవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే. మీకు తెలియదని చెప్పండి. పుస్తకాల మధ్య కూర్చున్న మనిషికి తెలియదంటే కుర్రాళ్ళకి ఎక్కడలేని ధైర్యం వస్తుంది.

బ్యానరు, ఫొటో, టీ

ఆ రోజుల్లోనే మా పై అధికారి దగ్గర్నుంచి కబురొచ్చింది. యువతకి డబ్బు నిర్వహణ మీద అవగాహన కార్యక్రమం పెట్టాలి. బ్యానరు కట్టాలి, ఫొటో పంపాలి, టీ ఇవ్వాలి. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరిని పిలిచాను. ఆయన చక్రవడ్డీ గురించి మొదలుపెట్టారు. చక్రం తిరుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది, పిల్లల తలలు ఒక్కొక్కటే వాలిపోతున్నాయి. టీ వచ్చిందనగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆయన తన ప్రసంగానికనుకుని చేతులు జోడించారు. నేను బీరువా వెనక్కి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఫొటో చూసి మా అధికారి ఫోన్ చేశారు. "ఏమ్మా కామేశ్వరీ, ఒక్కడికీ కళ్ళు తెరిచి లేవేంటి?"

"చక్రవడ్డీ దగ్గర మూసుకున్నారండి."

ఆయనకి కోపం వస్తుందనుకున్నాను. ఆయనేమో, "నాకూ అక్కడే మూసుకునేవమ్మా, డిగ్రీలో" అన్నారు. ఆదివారాలు నా పద్ధతిలో క్లాసు పెట్టుకుంటానని అడిగితే ఒప్పుకున్నారు. మాకు సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటాం. "జనం వస్తే నా ఆలోచన, రాకపోతే నీ ఆలోచన" అని షరతు పెట్టారు. ఇంత నిజాయితీగా మాట్లాడే అధికారి దొరకడం అదృష్టం. మీకు దొరికితే వదులుకోకండి.

బ్యాంకు తెరిచాం

డబ్బు గురించి చెప్పాలంటే చేతిలో ఏదో ఒకటి ఆడాలి. గులకరాళ్ళు పెడితే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. మన ప్రాంతంలో అందరూ విలువిచ్చే వస్తువేదని ఆలోచించి, జీడిపప్పుతో బ్యాంకు పెట్టాను. పలాసలో పప్పుని రకాలుగా ఏరతారు కదా, అదే మా నోట్ల వరస. విరగని గుండు వంద రూపాయలు, నిలువునా చీలిన బద్ద యాభై, ముక్క పది. తలా గుప్పెడు తెచ్చారు, తక్కువ పడింది నేను పలాసలో కొన్నాను. ఢిల్లేశు బ్యాంకు మేనేజరు. జీతాలు, అద్దెలు, కరెంటు బిల్లులు, చీటీ పాటలు, అప్పులు, అన్నీ పప్పులోనే.

నిజంగానే పప్పులో కాలేశాను. మొదటి ఆదివారం బ్యాంకు మూసే వేళకి డిపాజిట్లలో సగం లేవు. మేనేజరు దవడ కదులుతోంది. "తరుగు మేడమ్" అన్నాడు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, ఇక డబ్బా ఎంత. ఆ రోజే డబ్బా మీద 'తినరాదు' అని రాయించాను.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఊర్వశి అనే అమ్మాయి రెండు వారాల్లో అందరికంటే ధనవంతురాలైపోయింది. సన్నగా, చెవులకి వేపపుల్లలు పెట్టుకుని, ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునేది. వాళ్ళ నాన్న లోకనాథం జీడితోట రైతు, అమ్మ పలాస ఫ్యాక్టరీలో పప్పు ఒలిచే పనికి వెళ్ళేది. ఎవరి పప్పయినా పోయిందేమోనని వెతికాం. ఎవరిదీ పోలేదు. చివరికి పిలిచి అడిగాను.

"ఎవుల్దీ తియ్యలేదు మేడమ్," అంది. "ఒక బద్ద యాభై. దాన్ని ఇరగ్గొడితే ఎనిమిది ముక్కలవుతన్నాయి. ముక్క పది అని మీరే కదండీ రేటు ఏసినారు. యాభైని నోటితో కొరికితే ఎనభై అవుతంటే, కొరకనోళ్ళది బుద్ధి తక్కువ."

క్లాసంతా గొల్లుమంది. పేపర్ల గదిలోంచి పెద్దవాళ్ళు వచ్చి తొంగి చూశారు. నేనైతే బల్లకి ఆనుకుని కిందికి జారిపోయాను. నవ్వు ఆగాక ఊర్వశి ఇంకో మాట చెప్పింది. "ఫ్యాక్టరీలో ఇలగుండదు మేడమ్. గుండు ఇరిగితే మాయమ్మ కూలి తెగుద్ది. ఇరిగినదానికి రేటు ఎప్పుడూ తక్కువే. ఈ రేటు ఎవులేసినారు, ఎందుకేసినారు అని ముందు సూసుకోవాల కదండీ."

బ్యాంకు పెద్దాయన గంటసేపు చెప్పలేనిది ఆ పిల్ల అరనిమిషంలో చెప్పేసింది. ఆ రోజు నుంచి మా క్లాసులో మొదటి ప్రశ్న అదే అయింది. ఫోను వాయిదా అయినా, చీటీ అయినా, తోట బేరం అయినా, రేటు ఎవరు వేశారు, ఎందుకు వేశారు. గోడ మీది నల్లబల్ల మీద ప్రతి ఆదివారం జీడిపిక్కల ధర కూడా రాయడం మొదలుపెట్టాం. పలాస ఫ్యాక్టరీలకి ఢిల్లేశు ఫోన్ చేసి కనుక్కునేవాడు. గొంతు మార్చి, "నేను కలకత్తా పార్టీని మాట్లాడతన్నాను" అనేవాడు. ఆ గొంతు కలకత్తాది కాదని అవతలివాళ్ళకి మొదటి మాటకే తెలిసేది, అయినా నవ్వుతూ చెప్పేవారు.

ఆ మధ్యలోనే మా అధికారి తనిఖీకి వచ్చారు. "బ్యాంకు ఏదమ్మా?" అన్నారు. డబ్బా మూత తీశాను. అడుగున నాలుగు ముక్కలున్నాయి. "ఇంకా మిగిలిందే, పరవాలేదు" అని, ఒక ముక్క నోట్లో వేసుకుని, సంతకం పెట్టి వెళ్ళారు.

సంబరం మీద నోరు పారేసుకున్నాను

నా పొరపాట్లలో ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో అమ్మవారి సంబరం కొన్నేళ్ళకొకసారి చేస్తారు. ప్రతి ఇంటివాళ్ళూ ఎక్కడెక్కడి చుట్టాల్నీ పిలిచి రోజుల తరబడి పెడతారు. అప్పు చేసైనా పెడతారు. ఒక ఆదివారం నేను గొప్పగా, "ఇదంతా వృథా ఖర్చు కాదా?" అన్నాను. తర్వాతి ఆదివారం క్లాసుకి ఎవరూ రాలేదు. నేనూ, ఫ్యానూ మాత్రమే.

మర్నాడు ఢిల్లేశు ఒక్కడే వచ్చి సంగతి చెప్పాడు. "తుఫానుకి మా కొబ్బరిచెట్లన్నీ పడిపోయినప్పుడు గవర్మెంటోళ్ళకంటే ముందు వొచ్చినోళ్ళు ఎవులనుకున్నారు మేడమ్? సంబరానికి మా ఇంట్లో తిన్నోళ్ళే. బియ్యం, కిరసనాయిలు పట్టుకొచ్చినారు. దాన్ని మీరు ఖర్సంటే మాయమ్మకి కోపమొచ్చినాది."

ఆ ఏడాది సంబరానికి నన్ను ఏడు ఇళ్ళవాళ్ళు పిలిచారు. కోపం పోయిందని చూపించడానికో, పగ తీర్చుకోవడానికో తెలియదు గానీ అన్ని ఇళ్ళలోనూ తినిపించారు. తిరుగు పాసింజరులోకి నన్ను ఇద్దరు పట్టుకుని ఎక్కించాల్సొచ్చింది. ఇంకొకరి ఖర్చుని వృథా అనే ముందు, అది ఎక్కడ తిరిగొస్తుందో కనుక్కోండి. అలాగని సంబరానికి చేసే అప్పంతా మంచిదని నేననను. అయిదు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టే భోజనం ఎవరికీ అరగదు. ఈ మాట మాత్రం వాళ్ళ అమ్మలకే చెప్పాను, భోజనం అయ్యాక.

పూత బేరం

ఇక ఊర్వశి సంగతి. నా ఉద్యోగం మొత్తం మీద ఒక్క రోజు మళ్ళీ ఇస్తామంటే నేను అడిగేది ఆ ఆదివారమే.

ఊర్వశి ఇంటరు మంచి మార్కులతో పాసైంది. నర్సింగు చదవాలని పట్టుదల. సీటు వచ్చింది కూడా. వానల్లో ఫీజు కట్టే రోజు వచ్చేసరికి ఇంట్లో పైసా లేదు. కారణం పూత బేరం. ఉద్దానంలో చాలామంది జీడితోటని పూత మీదే అమ్మేస్తారు. సంక్రాంతి ముందూ వెనుకా చెట్టు పూస్తుంది, సావుకారు వచ్చి పూత చూసి డబ్బిచ్చేస్తాడు. వేసవిలో పిక్కలన్నీ అతనివి. పండినా అతనిదే, మంచు పడి మాడినా అతనిదే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది గానీ, చేతిలో డబ్బు ఆడని ఇంటికి అది పెద్ద ఆసరా. చిక్కల్లా ఒకటే. పుష్యమాసంలో వచ్చిన డబ్బు ఉగాదికి ఉండదు, ఫీజేమో శ్రావణంలో.

అలా ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదే ఊర్వశి మా లైబ్రరీకి రోజూ వచ్చింది. ఈసారీ సీటు వదులుకుంటే ఫ్యాక్టరీలో అమ్మ పక్కన పీట వేసుకోవడమేనని ఇంట్లో తేల్చి చెప్పేశారు. "పీట కూడా సూసీసినారు మేడమ్" అంది ఒకరోజు. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు.

తోట ఎకరాలు తక్కువే గానీ పూత ఆ ఏడు విరగబూసింది. తోటని అమ్మొద్దని ఊర్వశి నాన్నతో పోరు పెట్టింది. లోకనాథం మంచివాడే, మాట తక్కువ, భయం ఎక్కువ. "మంచు పడితే?" అనేవాడు. నేను ఊర్వశికి ఏమీ చెప్పలేదు. అమ్మొద్దు అని చెప్పడం నాకు తేలిక, ఎందుకంటే మాడితే నా తోట కాదు. ఇది కూడా కొత్తవాళ్ళు గుర్తుంచుకోవాలి. లెక్క చూపించండి, తీర్పు మాత్రం ఆ ఇంటివాళ్ళకే వదిలేయండి.

ఏటా ఆ తోట కొనేది పాపారావు సావుకారు. సంతలో పశువుల బేరగాడిగా మొదలైన మనిషి. బేరం ఎప్పుడూ పశువుల సంత పద్ధతిలోనే. భుజం మీద తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. కింద వేళ్ళు పట్టుకుని ధర చెబుతాడు. నోటితో మాటుండదు. చూసేవాడికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలియదు. తువ్వాలు కింద విన్న ధర పైకి చెప్పకూడదన్నది సంత కట్టుబాటు. అందుకే పక్కపక్క తోటలవాళ్ళకి కూడా ఎవరికెంత ఇచ్చాడో తెలిసేది కాదు.

ఆ ఆదివారం సావుకారు మా లైబ్రరీకే వచ్చాడు. గోడ మీద జీడిపిక్కల ధర రాస్తున్నామని విన్నాడట. నల్లబల్ల ముందు నిలబడి, గట్టిగా, "అమ్మగోరూ, ఈ బోర్డెవులు రాసినారు? తుడిసీండి" అన్నాడు.

నేను వేలెత్తి 'నిశ్శబ్దము' బోర్డు చూపించాను. ఆయన అలవాటు లేనివాడు, పాపం గొంతు తగ్గించి గుసగుసగా మళ్ళీ అదే మాట అన్నాడు. నేనూ గుసగుసగానే, "పేపర్లో బంగారం ధర కూడా వేస్తున్నారు కదండీ, అదీ తుడవమంటారా?" అన్నాను.

పేపర్ల గదిలో లోకనాథం ఉన్నాడు, కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి. సావుకారు అతన్ని చూసి ప్రాణం లేచొచ్చినట్టు బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలు తీశాడు. "సెయ్యెట్టు లోకనాథం, ఇక్కడే తేల్సీద్దాం" అని గుసగుసలాడాడు. అలవాటైన చెయ్యి కదా, లోకనాథం పెట్టేశాడు. తువ్వాలు కదిలింది. పేపర్లు చదువుతున్నవాళ్ళందరూ ఒకే పేజీ చాలాసేపు చదివారు.

ఊర్వశి పరుగెత్తుకొచ్చింది. "నానా, ఎంతన్నాడు?"

లోకనాథం తల అడ్డంగా ఊపాడు. తువ్వాలు కింది మాట కూతురికైనా చెప్పకూడదు.

"మన తోట నానా."

మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. చెయ్యి తీయలేడు, మాట చెప్పలేడు. తువ్వాలు మళ్ళీ కదులుతోంది, బేరం ముగింపుకొస్తోంది. ఫీజు, సీటు, పీట, అంతా ఆ గుడ్డ కిందే ఉంది. మేం అందరం ఆ గుడ్డనే చూస్తున్నాం.

ఊర్వశి ఏం చేసిందో చెప్తే నమ్మరు. తన చెయ్యి కూడా తువ్వాలు కిందికి దూర్చేసింది.

సావుకారు నిప్పు తగిలినట్టు తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏటే గుంటా, ఆడపిల్ల సెయ్యి పట్టుకోడమేటి, సీ సీ" అన్నాడు. పాపం అంత కంగారులోనూ గుసగుసగానే అన్నాడు.

అప్పుడు లోకనాథం మెల్లిగా, నేను ఆయన నోట అంతకుముందు వినని గొంతుతో అన్నాడు. "పాపారావు బావా, బేరం మద్దిలో సెయ్యి ఒగ్గీసినావు."

పేపర్ల వెనకనుంచి పెద్దవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గుసగుసలాడారు. "ఒగ్గీసినాడు." "నానూ సూసినాను." "ఒగ్గీసినాడు, బేరం పోనాది." సంత కట్టు ప్రకారం తెగని బేరంలో ముందు చెయ్యి తీసినవాడు బేరం వదులుకున్నట్టే. సావుకారుకి ఆ కట్టు అందరికంటే బాగా తెలుసు, పుట్టి పెరిగిందే అందులో. తువ్వాలు తీసి భుజాన వేసుకుని, ఊర్వశిని చూసి, నల్లబల్లని చూసి, చివరికి నన్ను చూశాడు. నేను కొంగు నోట్లో పెట్టుకుని ఉన్నాను. ఆయన పెదవుల మీదికి కూడా నవ్వు వచ్చేసింది.

"సరే, కొత్త బేరం," అన్నాడు. "ఈ గుంటనే ఆడమను."

ఊర్వశి సుద్దముక్క ఆయన చేతిలో పెట్టింది. "బోర్డు మీద రాయి మావా. రోడ్డు పక్క సగం నీకు పూత మీద ఇత్తాం. సముద్రం పక్క సగం మేం ఉంచుకుంటాం."

"మంచు పడితే నీ సగం నల్లబడిపోద్ది, తెల్సా?"

"పడితే నీ సగం కూడా నల్లబడిపోద్ది కద మావా. ఇద్దరం కలిసి ఏడుద్దాం."

లోకనాథానికి దిగులు తగ్గింది ఆ మాటకే. సగం డబ్బు చేతికొస్తుంది, అమ్మవారి దయ ఉంటే సగం పంట మిగులుతుంది. సావుకారు సుద్దతో ధర రాశాడు. పేపర్లు చదివే రైతులందరూ కళ్ళజోళ్ళు సర్దుకుని చూశారు. ఒకాయన, "నిరుడు నాకు ఇంతకంటే తక్కువిచ్చినావేటి?" అని గుసగుసగా అడిగాడు. సావుకారు ఆ ప్రశ్న వినపడనట్టు ఊర్వశితో, "సంతలో ముప్పై ఏళ్ళు సేసినాను, గుంటా, నన్నిలగ ఎవులూ పట్టుకోలేదు" అన్నాడు. అందరి బేరాలూ ఆ ఏడు కొంచెం పెరిగాయని తర్వాత విన్నాను. పూర్తిగా ఎంతో నాకు తెలియదు, తువ్వాళ్ళు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

మంచు

మాఘంలో మంచు పడింది. ఆ వారం పాసింజరు కిటికీలోంచి ఉప్పు మడులు కూడా కనపడలేదు. నేను పుట్టింటివాళ్ళ దేవుళ్ళందరికీ మొక్కాను. నా వల్లే ఆ పిల్ల సగం తోట ఉంచుకుందేమో, సీటు పోతే నన్ను తిడుతుందేమో అని భయం. క్లాసులో పాఠం చెప్తూ మధ్యలో ఆగి కిటికీలోంచి ఆకాశం చూసేదాన్ని. ఊర్వశి నన్నే ఓదార్చేది. "మొదటి పూత పోనాది మేడమ్. రెండో పూత వత్తంది. సెట్టుకి మనలాగ తొందర నేదు."

రెండో పూత వచ్చింది. మొదటిదంత కాకపోయినా వచ్చింది. వేసవిలో పిక్కలు ఏరడానికి క్లాసు మొత్తం వెళ్ళాం. నేను వంగలేక ఒక చెట్టు కింద కూర్చుని జీడిపండ్లు తిని గొంతు గీరుకుపోయి దగ్గుతూ ఉన్నాను. ఢిల్లేశు 'కలకత్తా పార్టీ' గొంతుతో ధర కనుక్కుంటూ తోటంతా తిరిగాడు. పిక్కల్ని వెంటనే అమ్మకుండా ఎండబెట్టి, కొన్నాళ్ళాగి, ధర కుదిరాక అమ్మారు. ఆ డబ్బు ఇంటికి తీసుకెళ్ళకుండా నేరుగా పూండిలో బ్యాంకుకి పట్టుకెళ్ళారు. ఊర్వశి పేరు మీద వేసి, శ్రావణం దాకా ఎవరూ ముట్టుకోకూడదని తల్లి కూతురి చేత ఒట్టు వేయించుకుంది. ఆ తల్లి చూసి పెట్టిన పీట ఫ్యాక్టరీలో ఇంకెవరికో ఇచ్చేశారట.

శ్రావణంలో ఫీజు కట్టడానికి శ్రీకాకుళం నర్సింగు కాలేజీకి వెళ్తూ, లోకనాథం నన్నూ రమ్మన్నాడు. "మీరుంటే సార్లు నవ్వుతారు మేడమ్" అన్నాడు. అది పొగడ్తో కాదో ఇప్పటికీ తెలియదు. కౌంటరు దగ్గర నోట్ల కట్ట లోపలికి వెళ్ళింది, రసీదు బయటికి వచ్చింది. ఊర్వశిని లోపలికి పిలిచి మేడమీది తరగతి గది చూపించడానికి తీసుకెళ్ళారు.

మేమిద్దరం గేటు బయట టీ బడ్డీ దగ్గర కూర్చున్నాం. లోకనాథం టీ గ్లాసు పట్టుకుని మేడ వైపే చూస్తున్నాడు. ఉంచుకున్న సగం పంటా ఒక్క కౌంటరు కిటికీలోంచి పోయిందని బాధపడుతున్నాడేమో అని నేనేదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాను.

"ఏటేటా తోట మీద డబ్బు వొచ్చినాది, ఎల్లిపోనాది మేడమ్," అన్నాడు. "ఎక్కడికెల్లినాదని అడిగితే ఏ ఏడూ సెప్పలేకపోనాను. ఈ ఏడు సెప్పగల్ను." గ్లాసు పెట్టి చెయ్యెత్తి చూపించాడు. "అదుగో, ఆ మేడమీద కొస కిటికీ."

కిటికీలోంచి ఊర్వశి, ఇంక ఇళ్ళకెళ్ళండి అన్నట్టు చెయ్యి ఊపుతోంది. మేం ఇంకో రెండు టీలు చెప్పాం.